చీకటమ్మ బూడిదరంగు

మా స్కానింగ్ సెంటర్లో పొట్ట స్కాన్లు తీసేది చీకటమ్మ. పొద్దున్న తొమ్మిదింటికి కిటికీలు లేని ఆ గదిలోకి దూరిందంటే సాయంత్రానికి గానీ బయటపడదు కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను; నన్ను ఆవిడ టైపు గారూ అని పిలుస్తుంది. ఆవిడ చూసి చెబుతుంది, నేను టైపు చేస్తాను, పెద్ద డాక్టరుగారు సంతకం పెట్టేవారు. పన్నెండేళ్లు ఇదే వరస. ఆయన చదవకుండా సంతకం గీకేస్తుంటే నాకు ఒళ్లు మండేది. అయినా చీకటమ్మ మాట మీద నాకూ అంతే గురి.

ఆ గదిలోకి వెళ్లాలంటే మాత్రం నాకు భయంగా ఉండేది. తెర వెలుగులో ఆవిడ మొహం ఒక్కటే నీలంగా తేలుతూ కనిపించేది. ఎక్కడినుంచో గుడగుడమని చప్పుడు. మంచం మీద పడుకున్నవాళ్లు అది తమ పొట్టే అనుకుని సిగ్గుపడేవారు. నిజానికది చీకటమ్మ కడుపు. పొద్దున్న టీ, బిస్కెట్లు, మళ్లీ నాలుగింటికి ఒక బన్ను, ఒక తీపి సోడా. అంతే ఆవిడ తిండి. కడుపు ఉబ్బరించినప్పుడల్లా సొరుగులో ఎవరో వదిలేసిన యాంటీబయాటిక్ మాత్ర ఒకటి మింగేది. మిగిలినవి అక్క కోసం ఇంటికి పట్టుకెళ్లేది.

అక్కే ఆవిడకి అన్నీ. అమ్మానాన్నా పోయాక బట్టలు కుట్టి చెల్లెల్ని పెంచింది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఒకే గది, ఒకే తిండి, ఒకే మాత్రలు. ఏడాదికోసారి అక్కను తీసుకొచ్చి స్కాన్ తీసి, నీ లివర్ బంగారం అక్కా అని చెప్పి పంపేది. ఆ మాట ఉండగా ఇంకో డాక్టరెందుకని అక్క ఎక్కడికీ వెళ్లేది కాదు. ఈ ఏడాది మాత్రం కుడి పక్క బరువుగా ఉంటోందనీ, మధ్యాహ్నానికే మిషను తొక్కలేకపోతున్నాననీ చెప్పింది. చీకటమ్మ రెండుసార్లు చూసి నార్మల్ అంది. నేను అదే టైపు చేశాను.

పెద్ద డాక్టరుగారు రిటైరయ్యాక వచ్చిన డాక్టరమ్మకి చదివి సంతకం పెట్టే జబ్బు ఉంది. అక్క స్కాన్ ఫొటో చూసి ఆగిపోయింది. లివరూ, పక్కనున్న కిడ్నీ ఇంచుమించు ఒకే బూడిదరంగులో ఉండాలట. అక్క కిడ్నీ నల్లటి గుంటలా ఉంది. పాత ఫొటోలు తీయమంటే తీశాను. అక్కవే కాదు, అందరివీ అంతే. మొదటి ఏడాది బూడిదరంగులో ఉన్న కిడ్నీలు ఏడాదికేడాదికీ నల్లబడుతూ వచ్చాయి. ముసలివాళ్లవి, కాలేజీ పిల్లలవి, ఒక్కసారే వచ్చి పోయినవాళ్లవి కూడా. ఒకరి మొహం ఒకరికి తెలియని మనుషుల లోపల ఒకే చీకటి, ఒకే లెక్కన పెరుగుతోంది.

ఈ మెషిన్‌లో వెలుగు ఎలా సరిచేస్తున్నారని డాక్టరమ్మ అడిగింది. చీకటమ్మకి అది వింత ప్రశ్నలా తోచింది. మా మెషిన్ పాతది. ఆపి వేసిన ప్రతిసారీ ఎంత వెలుగులో ఉండాలో మరిచిపోతుంది. సరిచూసుకోవడానికి ఇచ్చిన రబ్బరు దిమ్మ ఎండి, పగిలి, బీరువాలో పడి ఉంది. అందుకని ఆవిడ రోజూ పొద్దున్నే పరికరం తన పొట్టకే ఆనించుకుని, తన లివర్ ఎప్పటి బూడిదరంగులోకి వచ్చేదాకా వెలుగు నాబ్ తిప్పేది.

"నా లివర్ నాకు తెలియదా?" అంది.

డాక్టరమ్మ ఆవిడనే పడుకోమంది. ఈసారి లివర్‌ని వదిలేసి, కిడ్నీని చూస్తూ నాబ్ తిప్పింది. నలుపులోంచి కిడ్నీ మెల్లగా పైకి తేలింది. దాని పక్కన లివర్ తెల్లబడింది. ఇంకా తెల్లబడింది. ఆవిరి పట్టిన అద్దంలా అయిపోయింది. కొవ్వు పేరుకుంటే అలాగే ఉంటుందట. తనది తెల్లబడేకొద్దీ చీకటమ్మ అది మళ్లీ బూడిదరంగు అయ్యేదాకా వెలుగు తగ్గిస్తూ వచ్చింది, ఆ తగ్గిన వెలుగులోనే ఊరందరినీ చూసింది.

తర్వాత డాక్టరమ్మ రక్తం పారే చప్పుడు వినిపించే బటన్ నొక్కింది. ఎడతెగని గాలి హోరు. పేగుల నుంచి లివర్‌కి పోయే రక్తనాళం అది అని చెప్పింది. పేగుల్లోంచి వచ్చే రక్తం ముందుగా చేరేది అక్కడికేనట. వేళాపాళా లేని తిండికీ, అడ్డదిడ్డంగా మింగిన మాత్రలకీ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు తగ్గి, పేగు గోడ బలహీనపడితే, దాటకూడనివి దాటి ఈ దారినే లివర్‌లోకి వస్తాయట. కొవ్వు పట్టడానికి తీపి, బరువు, ఇంకా చాలా కారణాలున్నాయనీ, ఇదీ ఒకటనీ, దీని వాటా ఎంతో ఇంకా తేలలేదనీ అంది. చీకటమ్మ ఆ మాటలు వినడం లేదు, హోరు వింటోంది. ఊళ్లో అందరి పొట్టల్లోనూ విన్న హోరే. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

"అక్కని పిలవండి" అంది నాతో.

అక్క వచ్చి పడుకుంది. తెర మీద ఆమె లివర్ చెల్లెలి దానికన్నా తెల్లగా ఉంది. అంచు గతుకులు గతుకులుగా ఉంది. డాక్టరమ్మ చెప్పబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరొద్దమ్మా. మా చెల్లి చెబుతుంది. అది చెబితేనే నాకు నమ్మకం."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. చీకటమ్మ చించుకుంది.

"బాగాలేదక్కా. ఎప్పుడో చెప్పాల్సింది. నాది చూసుకుని నీది బాగుందన్నాను."

అక్క కాసేపు ఆ తెల్లదనాన్నే చూసింది. "ఒకే కంచంలో తిన్నాం కదే, నీదొకలా నాదొకలా ఎందుకుంటుంది?" అంది. తర్వాత, తగ్గుతుందా అని అడిగింది.

"నాది తగ్గొచ్చు. నీది గట్టిపడటం మొదలైంది. ఇక్కడితో ఆపగలిగితే చాలక్కా."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అక్క లేచి, చీర సర్దుకుని, చెల్లెలి చేతికంటిన జెల్లు తన కొంగుతో తుడిచింది.

మళ్లీ పిలిపించాల్సినవాళ్ల జాబితా టైపు చేయడానికి నేను కూర్చున్నాను. అది ముగియకముందే చీకటమ్మ మంచం మీద కొత్త కాగితం పరిచి, తలుపు తెరిచి నిలబడింది.

"టైపు గారూ, రండి" అంది.

పోయినేడు నా రిపోర్టులో నార్మల్ అని నేనే టైపు చేసుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.