సుభద్ర చెప్పిన పనస రుచి

నిన్న పొద్దున్న ఫోన్ మోగితే సుభద్ర పేరు కనిపించింది. ఎత్తగానే తిట్టాను. చల్లపల్లిలో చెల్లెలింటికి వెళ్లి నాలుగు రోజులైంది, ఒక్క ఫోన్ చెయ్యడానికి తీరిక లేదా అని.

నంబర్ తనదే.

గొంతు తనది కాదు.

నిద్రలోనే పోయిందని చెల్లెలు చెప్పింది. పాపం, నా తిట్లన్నీ పూర్తయ్యేదాకా ఆగి మరీ చెప్పింది.

సాయంత్రానికి చల్లపల్లి వెళ్లి సాగనంపి వచ్చాం. ఇవాళ పటమటలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఎవరూ మాట్లాడటం లేదు. సుభద్ర ఉండగా ఆ లిఫ్ట్‌లో ఇంకొకరికి మాట్లాడే అవకాశం వచ్చేది కాదు, అది వేరే సంగతి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆవకాయ కలిపిన మూడోరోజు జాడీ తిరగకలిపాక, మా బిల్డింగ్‌లో ప్రతి ఇంటావిడా ఓ గిన్నెలో కాస్త వేసుకుని సుభద్ర దగ్గరికి వెళ్లేది. తను వేలితో నాలిక్కి రాసుకుని, కళ్లు మూసుకుని, "ఇంకో గుప్పెడు ఉప్పు పడాలమ్మా" అనేది. అంతే. దానిమీద అప్పీలు లేదు.

కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైనదాన్ని, నేనూ ఆ గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

రెండేళ్ల కిందట తనకి పెద్ద జబ్బు చేసింది. మందులు జబ్బుని తగ్గించాయి. పోతూ పోతూ రుచినీ, వాసననీ పట్టుకుపోయాయి. ఏం తిన్నా తడి అట్టముక్క నమిలినట్టుందని నాకొక్కదానికే చెప్పింది.

"ఎవరితోనూ అనకే. తెలిస్తే గిన్నెలు రావు. పరామర్శలొస్తాయి."

ఆ వేసవి నుంచీ కొత్త ఏర్పాటు. గిన్నె రాగానే "నాకూ పెట్టండి" అని నేను ముందు రుచి చూసేదాన్ని. ఉప్పు తక్కువైతే కళ్లజోడు సవరించుకోవాలి. ఎక్కువైతే దగ్గాలి. సరిపోతే ఊరుకోవాలి. ఊరుకోవడమే నాకు కష్టంగా ఉండేది.

నా నాలుక పదునని ఈ బిల్డింగంతా అంటుంది. దాన్నో పనిలో పెట్టింది మాత్రం సుభద్రే.

అంతా సాఫీగా సాగుతుండగా బ్రెజిల్ వచ్చిపడింది.

పై ఫ్లోర్ మాధవి మొన్నటి వేసవికి కాస్త ముందు ఆఫీసు పని మీద అక్కడికి వెళ్లి, క్రీమ్ వేఫర్ బిస్కెట్లు తెచ్చింది. ప్యాకెట్లు ఇంట్లోనే విప్పి, స్టీలు పళ్లెంలో సర్ది తీసుకొచ్చి, సుభద్ర హాల్లో ఆడవాళ్లందరి ముందూ పెట్టింది.

"ఏ ఫ్లేవరో మీరే చెప్పాలి ఆంటీ."

పళ్లెం అందరి చేతులూ తిరిగింది. అందరూ తిన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. సుభద్ర చెప్పకముందు చెప్పడం మా దగ్గర అలవాటు లేదు.

నేను కొరికాను. నిమ్మ. కెమిస్ట్రీ అక్కర్లేదు, పసిపిల్లయినా చెప్పేంత నిమ్మ.

కానీ నిమ్మకి మేం ఏ సైగా పెట్టుకోలేదు. కళ్లజోడు సవరిస్తే బిస్కెట్లో ఉప్పు తక్కువంటుంది.

ఇన్నేళ్ల పరువూ ఒక్క ముక్క దగ్గర పోయేట్టుందనుకున్నాను.

సుభద్ర కళ్లు మూసుకుంది. ఎప్పటిలాగే తొందరపడకుండా నమిలింది.

"పనస. బాగా మగ్గిన తొన."

మాధవి వంక చూశాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం పళ్లెం వంక చూసి, "కరెక్ట్ ఆంటీ" అంది. ఆ పిల్లని కన్నవాళ్లకి దండం పెట్టాలనిపించింది.

ఇక చూడాలి. ఎదురింటావిడకి మైలవరంలో పుట్టింటి పనసచెట్టు గుర్తొచ్చింది. ఇంకొకావిడకి గింజ వాసన కూడా తగిలింది. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరే తప్పు రాసినా దిద్దే నేను, ఇంకో బిస్కెట్ తీసుకుని, పనస బాగుందన్నాను.

అందరూ వెళ్లాక తలుపేసి అడిగింది.

"నిజం చెప్పు. ఏమిటే అది?"

"నిమ్మ."

సోఫాలో కూలబడి కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. "మరి అంతమందికీ పనస ఎలా తగిలిందే?"

"నువ్వన్నావుగా."

కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అయితే గిన్నెలొస్తాయిలే" అంది మెల్లగా.

వచ్చాయి. మొన్నటి వేసవిలో కూడా వచ్చాయి.

ఇదంతా తను పోయాక అందరికీ చెప్పమంది, నవ్వుకుంటారని. ముందే చెబితే నాతో మాట్లాడనంది.

మాట తప్పలేదు సుభద్రా. నువ్వు పోయాకే చెబుతున్నాను. అయినా మాట్లాడకపోవడం న్యాయం కాదు.

గిన్నెలు తెచ్చిన ఆడవాళ్లందరికీ ఓ మనవి. ఈ మధ్య మీ ఆవకాయలకి ఉప్పు చూసింది నేను. ఫిర్యాదులుంటే నా ఫ్లాట్‌కి రండి. సుభద్రని ఏమీ అనకండి.

మాధవి నాకో ప్యాకెట్ విడిగా ఇచ్చింది. మీద పచ్చటి నిమ్మకాయ బొమ్మ, ఇంత పెద్దది.

ఇవాళ పొద్దున్న కాఫీ పక్కన పెట్టుకుని ఒకటి తిన్నాను.

పనసే.

వెళ్లిరా సుభద్రా. ఏ మందులూ లేని చోట, నాలుక నిండా రుచులతో, హాయిగా, నిశ్చింతగా ఉండు.

ఇక్కడ ఉప్పు సంగతి నేను చూసుకుంటాను.