పాస్టరమ్మగారి రెప్పల మీది బంగారం

మా గూడూరు పాస్టరమ్మగారు పోయారు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నాతోపాటు చాపలు చుడుతూ, "గుండెల్లో వాయువు పట్టినట్టుందండీ" అని గోడకు చేరగిలబడ్డారు. నేను వాము నీళ్లు కాచి తెచ్చేసరికి ప్రభువు పిలుచుకున్నాడు. నాకు యాభై. ఆవిడ నాకంటే చిన్నవారు. ఇంకా నమ్మలేకపోతున్నాను.

మీలో చాలామంది ఆవిడను ఎరుగుదురు. చువ్వలాంటి మనిషి. తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఏ పల్లెలో ఎవరికి జబ్బు చేసినా గట్ల వెంట నడిచే వెళ్లేవారు. రిక్షా ఎక్కమంటే, "మోకాళ్లు ప్రభువుకి, పాదాలు పొరుగువాళ్లకి ఇచ్చేశాను. ఇక రిక్షాకి ఇవ్వడానికి నా దగ్గర ఏముందండీ?" అనేవారు. ఎవరింట ఏం పెట్టినా కాస్తే తినేవారు. "పెట్టినవాళ్ల ముఖం చూసి తినాలి, కంచం చూసి కాదు" అనేవారు.

ఒంటిమీద బంగారం పెట్టుకునేవారు కారు. కాని రెండు కళ్ల లోపలి మూలల్లో, రెప్పల మీద, పెసరబద్దలంత పసుపుపచ్చటి మచ్చలుండేవి.

"మీరు మానేసినా ప్రభువు ఊరుకోలేదండీ, రెప్పలకి తాపడం చేయించాడు" అనేది మా ఆడపడుచు.

"మెల్లిగా అనమ్మా, దొంగలు వింటే నిద్దట్లో గీక్కుపోతారు" అని ఆవిడ నవ్వేవారు.

మేము నిజంగానే అది దీవెన అనుకున్నాం. సంఘంలో ఏ పెళ్లయినా పెళ్లికూతురి తలమీద మొదట ఆవిడ చేతులే పెట్టించేవాళ్లం.

ఆ ఆదివారం బందరు నుంచి డాక్టరుగారు వచ్చేసరికే అంతా అయిపోయింది. ఆయన ఆవిడ కనురెప్పలు చూసి, "ఇవి ఎన్నాళ్లుగా ఉన్నాయి?" అని అడిగారు.

"చాలా ఏళ్లుగానండీ. దేవుడిచ్చిన బంగారం" అంది మా ఆడపడుచు.

ఆయన చాపమీద కూర్చుండిపోయారు. "బంగారం కాదమ్మా, కొవ్వు. కొలెస్ట్రాల్ అంటారు."

"చువ్వలాంటి మనిషికి కొవ్వేమిటి బాబూ?"

"కొవ్వు నీళ్లలో కలవదు కదమ్మా. అందుకని ఒళ్లు దాన్ని మూటలు కట్టి రక్తంలో మోయిస్తుంది. కొందరిలో పుట్టుకతోనే ఆ మూటలు దిగాల్సిన చోట దిగవు. రక్తంలోనే తిరిగి తిరిగి నాళాల గోడలకి పేరుకుంటాయి. మనిషి సన్నగానే ఉంటుంది, జుట్టు నల్లగానే ఉంటుంది, లోపల గుండె నాళాలు మాత్రం ముసలివైపోతాయి."

అన్నేళ్లుగా మేమంతా మురిసిపోయి చూసిన మచ్చలు!

డాక్టరుగారు గొంతు తగ్గించి, "పిల్లలున్నారా? ఇది కుటుంబాల్లో దిగుతుంది. ముందుగా తెలిస్తే రక్తం పరీక్ష చేయించి, తిండి మార్చి, మందులు వాడి కాపాడుకోవడానికి చూడొచ్చు" అన్నారు.

ఒక్కతే కూతురు. ఈ వచ్చే మాఘంలోనే పెళ్లి పెట్టుకున్నారు. తల్లి పాదాల దగ్గర కూర్చుని ఉంది. మా పాస్టరు అయ్యగారు, ఎంతటి మరణంలోనైనా మాకు వాక్యం చెప్పి ఓదార్చిన మనిషి, లేచి వెళ్లి, కూతురి గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వెలుగువైపు తిప్పారు. ఆ పిల్ల కళ్లు మూసుకుంది. ఆయన బొటనవేలితో రెప్పల మీది కన్నీళ్లు తుడుస్తున్నారు, చూడటానికి. తుడిచిన కొద్దీ మళ్లీ నిండుతున్నాయి.