వన్స్‌మోర్‌కు ఆగిన రీలు

1956 వేసవిలో ఆదోనిలోని ఒక సినిమాహాల్లో నేను రెండో ఆపరేటరుగా చేరాను. హెడ్ ఆపరేటరు ఖాదర్ సాబు. లైసెన్సు ఆయనది, బాధ్యతా ఆయనదే. రీళ్లు చుట్టడం, రెండో మిషను సిద్ధంగా ఉంచడం నా పని. ఆ రోజుల్లో ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనేది. మిషను వెనక పెట్టెలో కార్బన్ పుల్లలు మండి వెలుగునిచ్చేవి. కదలని ఫిల్ము మీద ఆ వెలుగు పడితే అంతే సంగతులు. అందుకని రీలు మధ్యలో మిషను ఆపకూడదన్నది నాకు నేర్పిన మొదటి పాఠం.

ఆదివారం మ్యాట్నీకి పాత పౌరాణికాలు వేసేవాళ్లం. కొత్త సినిమాకు ఈలలు వేసే జనమే పాత సినిమాకు చెప్పులు బయట విడిచి వచ్చేవారు. ఓ ఆదివారం ఎమ్మిగనూరు నుంచి నేతగాళ్లు బండ్లు కట్టుకుని వచ్చారు. వాళ్లతో వీరభద్రప్ప అనే ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు నాటకాల్లో రాజు వేషానికి పేరుమోసినవాడు. సినిమాలొచ్చాక ఆయన కంపెనీ మూతబడింది. అప్పటినుంచి మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుని బతుకుతున్నాడు. సినిమాహాలు గడప తొక్కనని పట్టు పట్టినవాడు, తాను వేసిన వేషమే తెర మీద కనిపిస్తుందంటే ఇన్నాళ్లకు మెత్తబడి వచ్చాడు. ఈ సంగతులు నాకు తర్వాత తెలిశాయి.

కాటి సీను మొదలయ్యేసరికి శబ్దం పోయింది. యాంప్లిఫయరులో వాల్వు మాడింది, మార్చి పెట్టినదీ మాడింది. అలాంటప్పుడు ఆట నిలిపి, మరో ఆటకు పాసులివ్వడం పద్ధతి. ఖాదర్ సాబు మిషను ఆపడానికి చెయ్యి చాచారు కూడా. అంతలో నేల తరగతి నుంచి ఎవరో, "వీరభద్రన్నా, ఆ పద్యం నువ్వు పాడన్నా!" అని కేకవేశారు.

ముసలాయన లేచి నిలబడి ఎత్తుకున్నాడు. హాలంతా సద్దుమణిగింది. అయితే తెర మీది రాజు పద్యం క్లుప్తంగా ముగించి ముందుకు పోయాడు. వీరభద్రప్ప ఇంకా రాగంలోనే ఉన్నాడు. తెర చూసి తడబడి, గొంతు దించి, కూర్చోబోయాడు.

"వన్స్‌మోర్!" అన్నారు జనం. నాటకంలో ఆ మాట వినిపిస్తే మళ్లీ పాడవలసిందే. చచ్చిపడిన పాత్ర కూడా లేచి పాడి మళ్లీ చచ్చేది. సినిమాకు ఆ మర్యాద తెలియదు.

"లైటు మూసి మోటారు ఆపు," అన్నారు ఖాదర్ సాబు.

నేను తటపటాయించాను. ఆయనే వెలుగుకు అడ్డంగా రేకుమూత దించి, మిషను ఆపి, హాల్లో దీపాలు వేయించారు. మేనేజరు మెట్లెక్కి వచ్చి ఎవరు ఆపమన్నారని గద్దించారు.

"ఆయప్ప పాడతాండాడు సార్. అయిపోనీండి," అన్నారు ఖాదర్ సాబు.

పద్యం అయ్యేదాకా మేనేజరు అక్కడే నిలబడి విన్నారు. మిగిలిన రీళ్లలో పద్యం వచ్చిన ప్రతిచోటా అలాగే ఆపాం. పాసులడగడానికి ఒక్కరూ రాలేదు.

ఆట అయ్యాక వీరభద్రప్ప క్యాబిన్‌కు వచ్చాడు.

"మా నాటకాన్ని మింగింది ఇదేనాప్పా?"

"ఇదేనన్నా," అన్నారు ఖాదర్ సాబు.

ముసలాయన మిషను వెనక దీపపు పెట్టె మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసుకున్నాడు. "కాలుతాందే! దీనికీ లోపల మంటే ఉండాది," అని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

మర్నాడు యజమాని చేత ఖాదర్ సాబు చీవాట్లు తిన్నారు. మిషను నడపడం నేను కొన్ని నెలల్లో నేర్చుకున్నాను. ఎప్పుడు ఆపాలో నేర్చుకున్నది ఆ ఆదివారమే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కిటికీలోంచి హాలు వైపు ఒకసారి చూడకుండా నేను మిషను ముట్టుకోలేదు.