పున్నమికి ముందు రోజు

మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోను తెరిస్తే, ఈ పౌర్ణమి మా రాశివాళ్లకు డబ్బు విషయంలోనూ ప్రాణం విషయంలోనూ బాగాలేదని ఎవరో పొడుగాటి సందేశం పంపారు. నిజామాబాద్‌లో ఈ మూడో అంతస్తు ఇంటికి చేరినప్పటి నుంచి ఇలాంటివి రోజూ వస్తూనే ఉన్నాయి, చదవకుండానే తీసేస్తుంటాను, కానీ పౌర్ణమీ డబ్బూ ప్రాణమూ ఒకేచోట కనిపించేసరికి మా నాయనమ్మ గుర్తొచ్చి చాయ్ సంగతే మరిచిపోయాను.

మాది బోధన్ దగ్గర కాలువ కింద చెరుకు పండించే ఊరు. మా బాపు, అంటే నాన్న, పసివాడిగా ఉన్నప్పుడు ఎవరో జ్యోతిష్యుడు జాతకం చూసి, పున్నమి నాడు ఇంట్లోంచి పైస బయటికి పోతే ఈ పిల్లవాడికి ప్రాణగండం అన్నాడట. ఆయన దక్షిణ తీసుకుని తన దారిన తాను పోయాడు గాని, ఆ మాటను మా నాయనమ్మ బతుకంతా మోసింది. చెరుకు కొట్టేవాళ్ల కూలీ, ఇంట్లోకి ఉప్పూ కిరోసినూ పున్నమి అని ఆగవు కదా, అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టుకుంది. ముందు రోజు సాయంత్రమే కాసిన్ని పైసలు కొంగున ముడేసుకుని పోయి పక్కింటి పెద్దమ్మ చేతిలో పెట్టేది. వాళ్లు క్రైస్తవులు, పున్నమి పట్టింపు లేదు, కాబట్టి మర్నాడు మాకు ఏ ఖర్చు వచ్చినా పెద్దమ్మ తన ఇంట్లోంచి తీసి ఇచ్చేది. చంద్రుణ్ణి ఇంత తేలిగ్గా బురిడీ కొట్టించవచ్చా అని పిల్లలం నవ్వుకునేవాళ్లం, పెద్దమ్మ మాత్రం ఒక్కనాడూ నవ్వలేదు.

ఒక పున్నమి నాడు చెరుకు తోటలో బాపును పాము కరిచింది. జీపు మాట్లాడి బోధన్ దవాఖానకు తీసుకుపోవాలి, పక్కింట్లో పెట్టిన పైసలు ఏ మూలకూ చాలవు. నాయనమ్మ పెట్టె తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని గడపలో నిలబడిపోయింది. తీస్తే గండం, తీయకపోతే కొడుకు దక్కడు. ఆ ముఖం నేనిప్పటికీ మరిచిపోలేను. అంతలో పెద్దమ్మ, ఇంటిమీది పెంకులు మార్చుకుందామని దాచుకున్నదంతా పట్టుకొచ్చి, "నీ పెట్టె ముట్టకు అత్తా, నేనిస్త, నువ్వు జీపెక్కు" అని తానూ ఎక్కి కూర్చుంది. బాపు బతికాడు. సూదిమందుతో బతికాడని నాకు తెలుసు, నాయనమ్మకూ తెలుసనే అనుకుంటాను. పెద్దమ్మ ఇంటికి మాత్రం ఆ వానాకాలమంతా పాత పెంకులే ఉన్నాయి, తాను నమ్మని భయం కోసం.

కొన్నేళ్లకు పెద్దమ్మ జబ్బుచేసి పోయింది. తర్వాతి పున్నమికి ముందు రోజు నాయనమ్మ అలవాటుగా కొంగున ముడేసుకుని వాళ్ల వాకిలి దాకా పోయి, కాసేపు నిలబడి, తిరిగొచ్చింది. మర్నాడు పెట్టె తెరిచి తన చేత్తోనే కూలీలకు ఇచ్చింది. గండం తీరిపోయిందా అని అడిగితే, "గండం ఏడికి పోతది బిడ్డా. గామె లేదు గద, ఇగ ఏంజేస్త" అంది.

ఇప్పుడు మా గేటుకు కెమెరా ఉంది, కాపలా మనిషి ఉన్నాడు, ఏ తిథి అయినా ఫోను మీద వేలితో తాకితే పైసలు ఇల్లు దాటిపోతున్నాయి. దేనికీ భయం లేదనే చెప్పుకుంటాం. ఈ వయసులో నాకూ ఒకటి రెండు భయాలున్నాయి, చెబితే ఎవరైనా నవ్వేవే. ఎదుటి తలుపు వాళ్లు ఎవరో నాకు తెలియదు. ఆ భయాలను పట్టుకుని ఎవరి వాకిట్లోకి పోవాలో ఆ పొద్దున ఎంత ఆలోచించినా తోచలేదు.