గెడ్డలో మిగిలిన అరవై అడుగులు

గడ్డం నెరిశాక గెడ్డలు దిగడం మొదలుపెట్టినవాణ్ణి నేను. అందరూ కొండలెక్కి పేరు తెచ్చుకుంటారు. నేను దిగి మోకాలి నొప్పి తెచ్చుకున్నాను.

కొండల్లోంచి వచ్చే వాగును మా వైపు గెడ్డ అంటాం. సీతంపేట కొండల్లో కొన్ని గెడ్డలు రాతిని నిలువునా కోసుకుంటూ, ఇరుకు లోయల్లోంచి మెట్టు మెట్టుగా దూకుతూ వస్తాయి. నీళ్ళు దూకినచోట మనిషి దూకలేడు కాబట్టి తాడు పట్టుకుని దిగుతాం. ఇందులో సుఖమేమిటో మా ఆవిడకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ రోజు తెల్లవారుజామున నేను బూట్లు వేసుకుంటుంటే గుమ్మంలో నిలబడింది.

"నీళ్ళ బిందె మేడ మీదికి ఎక్కించమంటే మోకాలు నొప్పన్నావు. గెడ్డలోకి దిగడానికి నొప్పి లేదేటి?"

"అది ఎక్కడం. ఇది దిగడం."

"ఎక్కడవైనా, దిగడవైనా మోకాలొకటే గదా!"

గరివిడిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మోకాలి విషయంలో మాత్రం ఆవిడ చెప్పిందే సరైన ఫిజిక్స్. అయినా బండి తీశాను. ఆ వారమంతా పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది కళ్ళు మండుతున్నాయి. ఎక్కడైనా కూలబడదామని ఉంది తప్ప ఎక్కడికీ దిగాలని లేదు. కానీ బావకు మాటిచ్చాను.

బావ నాకు చుట్టం కాడు. నేను పొందూరు పక్కన వరి పండించే ఇంట్లో పుట్టాను. అతను శ్రీకూర్మం దాటాక, సముద్రపు ఒడ్డున, చేపలవేట చేసుకునే ఇంట్లో పుట్టాడు. ఎప్పుడో ఒక పెళ్ళిలో పక్కపక్కన భోజనానికి కూర్చుని ఒకరినొకరు బావా అనుకున్నాం. తర్వాత ఆ పిలుపు మార్చే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. ఇప్పుడతను సముద్రంలోకి వెళ్ళడం తగ్గించి, ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేస్తాడు. తాడు గురించి నాకు పుస్తకంలో ఉన్నంత తెలుసు. అతనికి చేతుల్లో ఉన్నంత తెలుసు. ఆ రోజు ఇబ్బంది పెట్టింది ఆ చేతులే.

దిగడం కన్నా పెద్ద పని, దిగిన తర్వాత తాడును దింపుకోవడం. పైన గట్టి చెట్టుకు ఒక పట్టీ చుట్టి, దానికో ఇనుప రింగు తగిలిస్తాం. సూదిలో దారం ఎక్కించినట్టు తాడును రింగులోంచి సగానికి దూర్చి, రెండు కొసలూ కిందికి వదులుతాం. రెండు పేటల మీదా దిగాక ఒక కొస లాగితే, రెండోది పైకి వెళ్ళి రింగులోంచి బయటపడి, తాడు మొత్తం మన నెత్తిన పడుతుంది. పట్టీ, రింగూ పైనే వదిలేస్తాం, గెడ్డకు దక్షిణగా. దిగేటప్పుడు కొసలకు ముడులుండాలి. లేకపోతే తాడు అయిపోయినచోట మనిషీ అయిపోతాడు. దిగాక మాత్రం విప్పెయ్యాలి. లేకపోతే ముడి వెళ్ళి రింగులో ఇరుక్కుంటుంది.

ఆ గెడ్డలో దూకుళ్ళు, అంటే నీళ్ళు నిలువునా దూకే చోట్లు, మూడు. మొదటిది ఏ గొడవా లేకుండా దిగాం. రెండోది అరవై అడుగులు. ముందు నేను దిగాను, జారుతూ, తిట్టుకుంటూ. రెండు కొసల ముడులూ విప్పాను. ఆ మాట ఈరోజుకీ ప్రమాణం చేసి చెబుతాను. తర్వాత బావ దిగాడు. నేను రాతి మీద కూర్చుని మోకాలు నొక్కుకుంటున్నాను. అతను నిలబడి కబుర్లు చెబుతున్నాడు. చేతిలో ఊరికే ఒక కొస ఉంది.

వాళ్ళింట్లో ముడి లేని తాడు కొస ఉండదు. ముడి లేకపోతే కొస పురి విడిపోతుంది, పడవలో చేతికి చిక్కకుండా జారి నీళ్ళపాలవుతుంది. నడక వచ్చేనాటికే పిల్లలకు ఈ సంగతి తెలుస్తుంది. విప్పి ఉన్న కొస అతని కంటికి గుండీ పెట్టని చొక్కా. కబుర్ల మధ్యలో అతని వేళ్ళు ఆ గుండీ పెట్టేశాయి. అతను చూడలేదు. నేనూ చూడలేదు. లాగే ముందు రెండో కొస చూసుకోవాలన్న నియమం అతనికి నేర్పింది నేనే. నేను నా మోకాలు చూసుకుంటున్నాను.

"లాగుదామా బావా?" అన్నాను.

"నువ్వు లాగితే పొద్దు గూకిపోద్ది. పెద్దవల లాగినట్టు లాగాల. ఇలా భుజాన ఎయ్యి."

ఒడ్డు నుంచి పెద్దవల లాగేటప్పుడు తాడు భుజానికెత్తుకుని, సముద్రానికి వీపు పెట్టి, ఇసకలో అడుగులు తొక్కుతూ పోతారట. మేమూ అలాగే దిగివచ్చిన రాతిగోడకు వీపు పెట్టి, గెడ్డ పారేవైపు నడిచాం. తాడు హాయిగా వచ్చింది, వచ్చింది, ఉన్నట్టుండి బరువెక్కింది.

నేను ఆగాను. బరువెక్కితే ఆగాలి, వెనక్కి చూడాలి. బావ వాళ్ళ లెక్కలో బరువెక్కితే చేప పడినట్టు.

"ఆగకు బావా! పడ్డాది! లాగు, లాగు!"

అతని గొంతులో ఎంత సంబరముందంటే, నేనూ లాగాను. పాతికేళ్ళుగా ఘర్షణ గురించి పాఠం చెబుతున్నవాణ్ణి, చేప పడిందని రాతిగోడను లాగాను. ఇద్దరం ఊపిరాడక వెనక్కి తిరిగి చూసేసరికి రెండో కొస కింద లేదు, పైన ఎక్కడో కనపడని చోట ఇరుక్కుంది.

బావ తన చేతులవైపు చూసుకున్నాడు.

"నానే ఏసేను, ముడి."

తాడును అలలా ఊపాం. పక్కకు జరిగి లాగాం. అవతలి గట్టుకెళ్ళి లాగాం. అరగంట గడిచింది. చేతులు ఎర్రబడ్డాయి, తాడు కదల్లేదు. వెనక్కి ఎక్కే దారి లేదు. ముందు మూడో దూకుడుంది, ముప్పై అయిదు అడుగులు. రెండు పక్కలా గోడలు. లోయలో ఫోన్ పనిచేయదు.

నేను లెక్క వేశాను. తాడు నూట అరవై అడుగులు. అరవై గోడ మీద వేలాడుతోంది, వంద మా దగ్గరుంది. కోసేస్తే ఆ వందతో చివరిది దిగొచ్చు. అదే చెప్పాను.

"కోత్తావా? బంగారం లాటి తాడు!" బావ వేలాడే తాడును బండ చుట్టూ బిగించి కట్టేశాడు. ఒకసారి బలంగా ఊగి చూశాడు. "ఎక్కి విప్పొస్తాను."

"అరవై అడుగులా?"

"కొబ్బరిసెట్టు ఎక్కలేదేటి?"

"ఎప్పుడెక్కేవు? పాతికేళ్ళప్పుడు. ఇప్పుడు యాభై. పైగా షుగరు."

"షుగరు ఒంట్లో ఉన్నాది గానీ సేతుల్లో లేదు."

"ఆ ముడి దేనికి పట్టుకుని ఉన్నాదో సూసేవా? రింగుకో, రాతి పగులుకో? సగం ఎక్కేక జారితే?"

"నా ముడి జారదు బావా." అరవలేదు, మెల్లగా అన్నాడు. "నా ముడి జారిందని ఏ పడవలోనైనా ఎవుడైనా అన్నాడా? ఏసింది నాను. విప్పాల్సిందీ నాను."

కళ్ళు చూస్తే తెలిసింది, ఎక్కేస్తాడు. ఆపడానికి నాకు బలం లేదు, వాదించడానికి ఓపిక లేదు. అలసిపోయినవాడికి మిగిలేది అబద్ధమే.

"సరే, ఎక్కుదువు గానీ, ముందు కాస్త తిను. నీ కత్తియ్యి, జామకాయ కోస్తాను."

వల కోసే చిన్న కత్తి అతని నడుముకెప్పుడూ ఉంటుంది. ఏమీ అనుకోకుండా ఇచ్చి, బూట్లు విప్పడానికి వంగాడు. నేను బండెక్కి, చెయ్యి అందినంత ఎత్తున కత్తి పెట్టాను. బిగించి ఉన్న తాడు రెండు కోతలకే టప్పుమని తెగింది. పై ముక్క రబ్బరులా ఎగిరి, మా ఇద్దరికీ అందనంత ఎత్తులో ఊగుతూ ఉండిపోయింది.

బావ తలెత్తి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చెయ్యి చాపితే కత్తి ఇచ్చాను. నీళ్ళలో కడిగి నడుముకు పెట్టుకున్నాడు. జామకాయ ఇస్తే తీసుకోలేదు.

మూడో దూకుడు దిగాం. కింద నేనొక్కణ్ణే తాడు లాగాను. రెండో కొస చూసి మరీ లాగాను. తాడు వచ్చి నా నెత్తిన పడింది. అతను దూరంగా బండ మీద కూర్చుని, అవతలికి చూస్తున్నాడు. చుట్టే ఓపిక లేక తాడును అలాగే సంచిలో కుక్కాను. బళ్ళ దగ్గరికి గంట నడక. అతను ముందు, నేను కుంటుతూ వెనక. పాలకొండలో టీ తాగుదామా అంటే వినిపించనట్టు బండి పోనిచ్చాడు. ఇంటికొచ్చి, మా ఆవిడ అడిగిన వాటన్నిటికీ "ఊఁ" అని పడుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం, నేను కాలేజీలో ఉండగా, బావ ఫోన్ చేశాడు.

"కొండదారంట పైకెల్లేను."

"ఒక్కడివేనా?"

"నువ్వొత్తావా మరి? వత్తే ఏటి కోసేత్తావో! ముడి రింగుకే ఉన్నాది. బిగిసి రాయైపోనాది. ఎక్కుంటే ఎక్కిపోదును, తెలుసా?"

"అవును బావా."

"జారేది కాదు."

"కాదు."

"మరెందుకు కోసేవు?"

ముడి మీద నమ్మకం లేక కోశానని అతను అనుకుంటున్నాడు. నాకు కనిపించింది ముడి కాదు. ఆ ఎత్తులో, తడి రాతి మీద బూట్లు లేని అతని పాదాలు. అది ఫోన్లో చెప్పడానికి మాటలు కూడదీసుకోవాలి. నాకు తర్వాతి క్లాసుకు గంట కొట్టారు.

"కనపడనేదు కదా బావా, అక్కడ్నించి," అన్నాను.

"కనపడకపోతే అడగాల! దొంగతనంగా కోత్తారా? నా కత్తితోటే! మావోళ్ళకి సెప్తే నవ్వుతారు నిన్ను. కాదులే, నన్నే నవ్వుతారు..."

అలా మొదలుపెట్టి, మా వరిపొలాల వాళ్ళకు తాడంటే పశువును కట్టేది తప్ప ఇంకేమీ తెలియదని, నా చదువు ఉప్పుకైనా కొరగాదని, ఆగకుండా తిట్టాడు. పిల్లలు క్లాసులోకి వెళ్ళిపోతున్నారు. నేను వరండాలో గోడకు చేరబడి, మోకాలి మీంచి బరువు తీసి, అతను తిట్టినంతసేపూ విన్నాను.