చెయ్యి తిరిగేసరికి

పంపుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌కి ఇంజనీరింగ్ విద్యార్థులంటే పడదని అందరూ అనుకుంటారు. నిజానికి ఆయనకు పడనిది వాళ్లు వెళ్లిపోవడం. కాలేజీ వాళ్లను మూడో ఏడు కాగానే ఏడాదిపాటు జీతం మీద ఇక్కడికి పంపుతుంది. చెయ్యి తిరిగేసరికి గడువు అయిపోతుంది, ఆఖరి ఏడు చదువుకి వెనక్కి వెళ్లిపోతారు.

ఈసారి వచ్చిన అమ్మాయి చప్పుడు విని బేరింగ్ అరిగిందో లేదో చెప్పేస్తోంది. రేపటితో ఆమెకు ఆఖరు. ఫోర్‌మన్ మేనేజర్ గది తలుపు తట్టి లోపలికి వెళ్లాడు.

"చదువయ్యాక ఆ పిల్లని తీసుకుంటామని మాటివ్వండి సార్. నాకు పర్మనెంట్ మనిషి కావాలి."

"సోమవారం కాలేజీ నుంచి ఇంకొకరు వస్తున్నారుగా బాబాయ్. ఇక ఖాళీ ఎక్కడిది?"

"వచ్చేది మనిషి సార్. పోతున్నది పనితనం."

మేనేజర్ నవ్వి ఫోన్ అందుకున్నాడు.

ఫోర్‌మన్ రుసరుసలాడుతూ బెంచీ దగ్గరికొచ్చాడు. పంపు బిగిస్తున్న అమ్మాయి, "చదువైపోగానే ఇక్కడికే వచ్చేస్తాను బాబాయ్," అంది.

"నీ ముందువాళ్లూ ఇవే కోతలు కోశారు. ఒక్కడన్నా మొహం చూపించాడా?"

"మా సీనియర్ వచ్చాడు కదా. ఖాళీ లేదని గేటు దగ్గర్నుంచే పంపేశారట. మీకు చెప్పలేదా?"

ఫోర్‌మన్ వెనక్కి తిరిగాడు. మేనేజర్ గదికి మళ్లీ వెళ్లాడు. ఈసారి తలుపు తట్టలేదు.