సగం చదివిన కార్డు

పొద్దున దొండకాయలు కోస్తుంటే వేళ్ళకు ఆకు పసరు అంటుకుంది. ఆ పచ్చివాసనకు నా పలక గుర్తుకొచ్చింది. సముద్రం ఒడ్డున ఉన్న మా పల్లెలో బడిపిల్లలందరం పలక తుడిచేది దొండాకుతోనే. బలపం అరిగి గోరంతయినా పారేసేవాళ్ళం కాదు.

నేను చదివింది రెండేళ్ళు. అయ్యవారు అరచేతి మీద తాళం వేయించేవారు, పొట్టి అక్షరానికి ఒక దెబ్బ, దీర్ఘానికి రెండు. పద్యమైనా గుణింతమైనా అంతే. అర్థం తెలియకపోయినా, ఒక అక్షరం జారితే చెయ్యే పట్టేసేది. అయితే నోటికి వచ్చినంత కంటికి రాలేదు. మధ్యలో 'కే' చూపిస్తే 'క కా కి కీ' అని మొదటినుంచీ పోతేగానీ అందేది కాదు. ఒత్తులు సగంలో ఉండగానే బడి మానిపించారు.

ఆ ఎండాకాలం జువ్వలదిన్నెలో కాపురమున్న మా అక్క దగ్గర్నుంచి కార్డు వచ్చింది. బావ రాసింది. అక్కకు తొలి కాన్పు. నాన్న వేటకు పోయి ఉన్నాడు. ఇంటి మాట ఇంకొకరి నోట పడటం అమ్మకు గిట్టదు, కార్డు నా చేతికే ఇచ్చింది. ఒక్కో అక్షరానికీ వరస మొదలుపెట్టి వేళ్ళ మీద లెక్కపెడుతుంటే పక్కింటి అత్త దడి మీదనుంచి తొంగి చూసి, "ఏందిమే, జాబు చదవతుండావా, వల అల్లతుండావా?" అంది.

'నె-ల-లు నిం-డి-నా-యి' అనేసరికి అమ్మ లేచింది. పొయ్యి మీద అన్నం చూడమని చెప్పి, సంచి తీసుకుని బస్సుకు పోయింది. నేను చదువుతూనే ఉన్నాను. 'ఇంటికి రావాకు' అని ఉంది, రావద్దని. తర్వాతి మాటకు వరస అక్కర్లేకపోయింది; 'నెల్లూరు' రోజూ బస్సు మీద చూసేదే. దాని పక్కది, కార్డులో ఆఖరి మాట, 'ఆసుప' దాకా కూడబలుక్కుంటే చాలింది.

ఆ మాటలు జారిపోకుండా అయ్యవారి తాళానికి కట్టి, పొట్టిదానికి ఒక అడుగు, దీర్ఘానికి రెండడుగులు వేస్తూ కాలే ఇసుకలో పరుగెత్తాను. అమ్మ జువ్వలదిన్నె వైపు పోయే బస్సు మెట్టు ఎక్కుతోంది. చెంగు పట్టి లాగి, చెప్పాను. దిగింది. కార్డు తీసుకుని, అక్షరం తెలియకపోయినా, చివరి వరస దాకా వేలు పెట్టి చూసింది.

"ఇంకేమన్నా ఉందా?"

"లేదుమా, అయిపోయింది."

"పొయ్యి ఆర్పినావా?"

ఆర్పలేదు. నేను తిరిగొచ్చేసరికి అన్నం మాడింది. అదే రెండు పూటలూ తిన్నాను. అమ్మ నెల్లూరు బస్సెక్కి వేళకు చేరింది. మరునాడు పొద్దున అక్కకు ఆడపిల్ల పుట్టింది.

ఇప్పుడు పలకా లేదు, కార్డూ లేదు. దొండాకు మేకలకు వేస్తున్నాం. గుణింతం వరసగా చెప్పమంటే మా మనవరాలికి రాదు. ఫోనులో ఏదైనా వస్తే పైపైన చూసి, "పెదనాన్నోళ్ళు వస్తుండారంట నాయనమ్మా" అని పక్కన పెట్టబోతుంది.

నేను కాయలు కోయడం ఆపి, "చివరిదాకా చదువు" అంటాను.